పదో తరగతి అయ్యాక వైజాగ్‌లో ఏం చేయొచ్చు: ఫీజు కట్టే ముందు ఇది చదవండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రానికల్లా మా వీధిలో ఒకటే ప్రశ్న తిరుగుతుంది, "మీవాడు ఏ గ్రూపు తీసుకుంటున్నాడు?" అని. మార్కులు బాగా వచ్చినవాళ్లకి ఎంపీసీయో బైపీసీయో, అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి సీఈసీ, ఫెయిలైన పిల్లాడి ఇంట్లో తలుపులు వేసుంటాయి. ఎవరూ ఇంకేమీ ఆలోచించరు. నేను గాజువాకలో ఉంటాను. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ చేశాను, తర్వాత అప్రెంటిస్‌షిప్, ఆ తర్వాత డిప్లొమా, ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక మెషిన్ షాపులో సూపర్‌వైజర్‌ని. అందుకని ప్రతి వేసవిలోనూ తెలిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. వాళ్లతో గంటలు గంటలు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఇంకో నలుగురికి పనికొస్తుందని.

అందరూ "ఏ కోర్సు మంచిది?" అని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఒకరికి మంచిదైనది ఇంకొకరికి కాదు. దాని బదులు, ఏ కోర్సు గురించి విన్నా సరే, ఆఖర్న చేతికి వచ్చే సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుందో ముందు అడగండి. ఆ ముద్ర చూపిస్తే ఏ గేటు తెరుస్తారు, అక్కడి నుంచి ఇంకా పైకి చదవడానికి దారి ఉందా లేదా అన్నది తర్వాత అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. బిల్డింగు ఏసీదైనా, రిసెప్షన్‌లో అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడినా.

ఇంటర్ గురించి కొంచెం

ఇంటర్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, ఫలితాల ముందు నుంచే ఫోన్లు చేసే పీఆర్వోలు కూడా ఉన్నారు. రెండే మాటలు. పిల్లాడికి లెక్కలంటే భయం ఉన్నా, "ఇంజినీరింగ్ చేస్తేనే జీవితం" అని హాస్టల్లో పడేసి రెండేళ్లలో రెండు మూడు లక్షలు పోయకండి, ఆ డబ్బుతో తర్వాత వాడికి చాలా చేయొచ్చు. రెండోది, వొకేషనల్ ఇంటర్ అని ఒకటుంది, చాలామందికి తెలీదు. ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ పని), ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త పని), ఎలక్ట్రికల్, ఆటోమొబైల్, అకౌంటింగ్ లాంటివి రెండేళ్లు చదువుతారు, పాసైతే అది కూడా ఇంటరే. బ్రిడ్జి కోర్సు (మామూలు ఇంటర్ సబ్జెక్టుల) పరీక్షలు కూడా రాసి పాసైతే మామూలు ఇంటర్ పిల్లల్లాగే పై చదువులకు వెళ్లొచ్చు. చేరేటప్పుడే "బ్రిడ్జి కోర్సు చెప్తారా?" అని అడిగి చేరండి, తర్వాత అడిగితే ప్రయోజనం ఉండదు.

పదిలో మంచి మార్కులు వచ్చిన, ముఖ్యంగా సర్కారు బడిలో చదివిన పిల్లలైతే ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండండి. ఆర్జీయూకేటీ అంటారు, 2008లో మొదలైంది. మనకు దగ్గర క్యాంపస్ శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఉంది, మిగతావి నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఎంట్రన్స్ లేదు, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే. ప్రభుత్వ బడి పిల్లలకు కొన్ని మార్కులు కలుపుతారు. మా పక్కింటి రిక్షా అప్పారావు గారి మనవరాలు అలాగే వెళ్లింది. వాళ్ల ఇంట్లో అప్పటిదాకా పదో తరగతి దాటినవాళ్లే లేరు.

పాలిటెక్నిక్

నా దృష్టిలో మన ఊళ్లో పదో తరగతి పాసైన, చేతిపని మీద ఇష్టం ఉన్న పిల్లలకు పాలిటెక్నిక్ కంటే నికరమైన దారి ఇంకోటి లేదు. అక్కడ మూడేళ్ల డిప్లొమా చెప్తారు, చేరడానికి పాలిసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. ప్రశ్నలన్నీ పదో తరగతి సిలబస్ నుంచే, లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు, రెండు గంటలు. 120కి 30 వస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. పరీక్షకు కోచింగ్ అక్కర్లేదు, పదో తరగతి పుస్తకాలు ఇంకోసారి తిరగేసి, పాత పేపర్లు ఒక పది గడియారం పెట్టుకుని చేస్తే చాలు. చిక్కంతా పదో తరగతి పరీక్షలు అయిపోగానే పిల్లలు పుస్తకాలు పక్కింటి వాళ్లకు ఇచ్చేయడం, పాలిసెట్ సంగతి గుర్తొచ్చేసరికి దరఖాస్తు గడువు దాటిపోవడం. మార్చిలోనే నోటిఫికేషన్ చూసుకోండి.

కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆ దగ్గర్లోనే కెమికల్ ఇంజినీరింగ్ డిప్లొమాల కోసమే పెట్టిన ప్రభుత్వ సంస్థ ఉంది, జీఐసీఈ అంటారు. భీమిలిలో ఆడపిల్లల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, రిఫైనరీ, ఇవన్నీ మన చుట్టూ ఉండగా కెమికల్ డిప్లొమా అంటే ఎందుకో మనవాళ్లు అంతగా ఇష్టపడరు, అందరూ కంప్యూటర్స్, ఈసీఈ అంటారు. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆప్షన్లు ఎన్ని పెట్టుకుంటే అంత మంచిది. నాలుగే పెట్టి సీటు రాలేదని ఏడ్చిన పిల్లల్ని చూశాను. ముందు ప్రభుత్వ కాలేజీలు, అందులో ఇష్టమైన బ్రాంచీలు, తర్వాత ప్రైవేటువి, అలా వరుసగా పెట్టండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ట్యూషన్ ఫీజు ఐదు వేల లోపే ఉంటూ వచ్చింది, ప్రైవేటులో దానికి ఎన్నో రెట్లు. అర్హత ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది.

డిప్లొమా మూడేళ్లు అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. అంటే ఇంటర్ చదివి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసినవాడికీ, డిప్లొమా చేసి ఈసెట్ రాసినవాడికీ బీటెక్ పూర్తయ్యే సమయానికి వయసులో తేడా ఏమీ ఉండదు. కానీ మధ్యలో ఇంట్లో పరిస్థితి మారి చదువు ఆపాల్సి వస్తే డిప్లొమా ఉన్నవాడి చేతిలో ఒక ఉద్యోగానికి సరిపడే కాగితం ఉంటుంది, ఇంటర్ వాడి చేతిలో ఉండదు. మా నాన్నకు నడుం పోయి పనికి వెళ్లలేని ఏడాది నాకిది అర్థమైంది. అప్పటికి నేను ఐటీఐ రెండో ఏడాదిలో ఉన్నాను, ఇంకా ఎనిమిది నెలలు లాక్కొస్తే ఏదో ఒక జీతం వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఆ ధైర్యంతోనే నెట్టుకొచ్చాం.

ఐటీఐ

ఐటీఐ అనగానే "చదువు రానివాళ్లు వెళ్తారు" అనే మాట ఇంకా వినిపిస్తుంది. నాకు చాలా బాధ కలిగించే మాట అది. ఈ ఊళ్లో షిప్‌యార్డు, డాక్‌యార్డు, స్టీల్ ప్లాంటు, పోర్టు, లోకోషెడ్డు అన్నీ ఐటీఐ చేసిన చేతుల మీద నడుస్తున్నాయి. సింధియా జంక్షన్‌లో షిఫ్టు వదిలే టైముకి ఒకసారి నిలబడి, బయటికి వచ్చేవాళ్లలో నలుగురిని "అన్నా, మీరేం చదివారు?" అని అడగండి. ఏ కౌన్సెలింగ్ సెంటరూ చెప్పని సంగతులు అక్కడ పది నిమిషాల్లో తెలుస్తాయి. నేను ఊరికే అనడం లేదు, పిల్లల్ని నిజంగానే తీసుకెళ్లి నిలబెడతాను.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, ఏసీ మెకానిక్, ఫార్మా వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఏఓసీపీ (కెమికల్ ప్లాంటు ఆపరేటర్), ఇవి రెండేళ్ల ట్రేడ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ఏడాది ట్రేడ్లు. వెల్డర్, వైర్‌మన్ లాంటి వాటికి ఎనిమిదో తరగతి పాసైనా చాలు. ఎంట్రన్స్ ఏమీ లేదు, రాష్ట్ర ఐటీఐ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తే మార్కుల మెరిట్ మీద సీటు, విడతలు విడతలుగా అడ్మిషన్లు జరుగుతాయి. మొదటి విడతలో ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సీట్లు అయిపోతాయి కాబట్టి మొదటి విడతకే వెళ్లండి. ఆడపిల్లలకు ఐటీఐల్లో రిజర్వేషన్ ఉంది. మా షాపులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ మీద ఇద్దరు అమ్మాయిలు చేస్తున్నారు, వాళ్లు చేసిన ముక్క బాగాలేదని వెనక్కి వచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

లోపల ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలు మొదటి నెలలోనే మానేస్తారు. ఫిట్టర్‌లో చేరగానే మెషిన్ల దగ్గరికి పంపరు. చేతికి ఒక ఆకురాయి ఇస్తారు, వైస్‌లో బిగించిన ఇనప ముక్క ఇస్తారు, రోజంతా ఫైలింగ్. అరచేతులు బొబ్బలెక్కి, రజను గోళ్ల సందుల్లోకి వెళ్లి, అన్నం తినేటప్పుడు మండుతుంది. ముక్క అంచు సమంగా వచ్చిందో లేదో చూడటానికి ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు తిరిగి పైకెత్తి పట్టుకోవాలి, స్క్వేరుకీ ముక్కకీ మధ్య నుంచి వెలుతురు గీతలా కనిపించిందంటే ఇంకా కొట్టాలి. మా మాస్టారు దూరం నుంచే చూసి "వెలుగొస్తంది బాబూ, ఇంకా కొట్టు" అనేవారు. ఆరో రోజో ఏడో రోజో నా ముక్కలోంచి వెలుతురు రాలేదు. ఆ క్షణం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత వెర్నియర్ పట్టుకుని 0.02 మిల్లీమీటరు తేడా చదవడం నేర్పారు, లేత్ మెషిన్ చాలా నెలలకు వచ్చింది. ఇదంతా ఓపికగా చేసినవాడికీ, హాజరు వేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికీ తేడా మా షాపులో మొదటి గంటలోనే తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో నేను ప్రశ్నలు అడగను, మైక్రోమీటర్ చేతికిచ్చి రాడ్డు కొలవమంటాను.

అందుకే ప్రైవేటు ఐటీఐలో చేరేటట్లయితే ముందు వర్క్‌షాప్ చూపించమనండి. మెషిన్ల మీద దుమ్ము ఉందా, రజను ఉందా చూడండి. దుమ్ము పేరుకుని ఉందంటే అక్కడ పని నేర్పడం లేదు. ఆ ట్రేడుకు ఎన్‌సీవీటీ (ఐటీఐ ట్రేడ్లకు కేంద్రం ఇచ్చే) గుర్తింపు ఉందా అన్నది కూడా, సంస్థకు ఉందంటే సరిపోదు, మీరు చేరే ట్రేడుకే ఉందా అని అడగండి.

ఐటీఐ చేస్తే అక్కడితో ఆగిపోవాలా అంటే, లేదు. రెండేళ్ల ఐటీఐ అయ్యాక బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అక్కడి నుంచి ఈసెట్, బీటెక్. నేను డిప్లొమా దాకా వెళ్లి ఆగాను, నాతో పాటు ఫైలింగ్ కొట్టిన ఇద్దరు బీటెక్ దాకా వెళ్లారు.

అప్రెంటిస్‌షిప్

ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, ఏది చేసినా తర్వాత ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం పెద్ద సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. 2019లో సవరించిన నిబంధనలు చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 దాకా పెట్టాయి. ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బీఏ, బీకాం వాళ్లు కూడా చేయొచ్చు, అది చాలామందికి తెలీదు.

మన ఊళ్లో అందరికంటే పెద్ద పేరు నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుది. పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతారు, రాత పరీక్ష ఉంటుంది, లెక్కలు, సైన్సు, జీకే. పదో తరగతిలో 48 శాతం వచ్చి ఆగిపోయిన కుర్రాడు ఒకడు నా దగ్గరికి వచ్చి ఏడ్చాడు, అందుకే పదిలో ఉన్న పిల్లలకు చెప్తున్నా, ఐటీఐకి వెళ్దామనుకున్నా సరే పదో తరగతి మార్కులు వదిలేయకండి. రైల్వేలో అయితే రాత పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ లిస్టు వేస్తారు. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు తర్వాత లెవెల్ వన్ (మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి.

ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. అప్రెంటిస్‌షిప్ అయ్యాక అదే చోట ఉద్యోగం ఇస్తారని రాసిచ్చే చట్టం లేదు. ఇస్తారనుకుని చేరి, ఏడాది అయ్యాక బయటికి పంపితే గుండె పగిలిన పిల్లల్ని చూశాను. ఆ ఏడాదిలో పని నేర్చుకోండి, సర్టిఫికెట్ పరీక్ష పాసవండి, సేఫ్టీ ట్రైనింగ్ ఏది పెట్టినా ముందు వరుసలో కూర్చోండి. బయట అడిగేది అదే.

సముద్రం వైపు

సముద్రం పక్కన పుట్టి సముద్రం మీద చదువుల గురించి మనకు ఇంత తక్కువ తెలియడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. సిఫ్‌నెట్ అని చేపల వేట పడవల మీద పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, హెడ్డాఫీసు కొచ్చిలో, ఒక యూనిట్ మన వైజాగ్‌లోనే. పదో తరగతి పాసై, లెక్కల్లోనూ సైన్స్‌లోనూ 40 శాతం వచ్చిన పిల్లలకు రెండేళ్ల కోర్సులు ఉన్నాయి. ఒకటి వెసెల్ నావిగేటర్ (పడవ నడపడం), ఇంకోటి మెరైన్ ఫిట్టర్ (పడవ ఇంజిన్ పని). చేపల పడవల కుటుంబాల పిల్లలకు, జాలారిపేట, పెద జాలారిపేట, భీమిలి వైపు పిల్లలకు, ఈ మాట చేరాలని నాకు చాలా కోరిక. నాన్న పడవ మీద పదేళ్లు తిరిగినవాడికి అలల సంగతి వేరే నేర్పక్కర్లేదు కదా. ఇంటర్ ఎంపీసీ బాగా చదివినవాళ్లకైతే సబ్బవరం దగ్గర ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఓడల డిజైనింగులో బీటెక్ చెప్తారు, ఐఎంయూ సెట్ రాయాలి.

నేవీలో అగ్నివీర్‌గా చేరడానికి ఎంఆర్ రకం పోస్టుకైతే పదో తరగతి, ఎస్‌ఎస్‌ఆర్ రకానికైతే లెక్కలు, ఫిజిక్స్‌తో ఇంటర్. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నాలుగో వంతు మందిని మాత్రమే ఉంచుకుంటారు. ట్రైనింగు ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కాలో. బీచ్ రోడ్డు మీద తెల్ల యూనిఫాం చూసి వెళ్లిపోకుండా ఆ నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని వెళ్లండి.

ఇప్పుడు మర్చంట్ నేవీ, అంటే సరుకు ఓడల మీద ఉద్యోగాలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లోనే జరిగింది.

మా పిన్ని కొడుకు ఇంటర్ తప్పాడు. ఎవరో స్నేహితుడు చెప్పాడని నగరంలో ఒక ఆఫీసుకి వెళ్లాడు, గోడ నిండా ఓడల ఫొటోలు, టై కట్టుకున్న ఒకాయన. "మూడు వారాల ట్రైనింగ్, తర్వాత ఓడ ఎక్కడమే, మొదటి నెల నుంచి డాలర్లలో జీతం" అన్నారట. రెండు లక్షలు అడిగారు. మా పిన్ని పుస్తెలతాడు, గాజులు కుదువ పెట్టింది, మిగతాది వడ్డీకి తెచ్చారు. రశీదు అడిగితే తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఏదో విదేశీ దేశం పేరుతో ఒక సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు) పుస్తకం చేతికిచ్చి పంపారు. వీడు అక్కడి రేవులో దిగాక పదకొండు రోజులు ఒక గదిలో ఎనిమిదిమందితో ఉన్నాడు, ఓడ రాలేదు, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. తిరుగు టికెట్టుకి మళ్లీ మేమే డబ్బు పంపాం. ఎయిర్‌పోర్టులో మా పిన్ని వాణ్ని పట్టుకుని "ప్రాణంతో వచ్చావు, చాల్లే" అంది. గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇది ఇంకో ఇంట్లో జరగకూడదు. చూసుకోవాల్సినవి కష్టమైనవేమీ కావు. పదో తరగతి వాళ్లు ఓడలో చేరడానికి ఉన్న సరైన దారి జీపీ రేటింగ్ కోర్సు, ఆరు నెలలు ఉంటుంది, మూడు వారాలు కాదు. పదిలో 40 శాతం, ఇంగ్లీషులో 40 శాతం, వయసు పదిహేడున్నర నుంచి ఇరవై అయిదు. ఆ కోర్సు చెప్పే సంస్థకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) గుర్తింపు ఉండి తీరాలి, ఆ జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. చేరిన విద్యార్థికి ఇండోస్ అనే గుర్తింపు నంబరు వస్తుంది, సీడీసీ భారత ప్రభుత్వానిది కావాలి. ఓడలో ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సు ఉన్నవాడు ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా "ప్లేస్‌మెంటుకి ఇంత" అన్నారంటే ఆ మాట విన్న వెంటనే లేచి వచ్చేయండి.

ఆస్పత్రి ఉద్యోగాలు, డిగ్రీ

కేజీహెచ్, విమ్స్, ఇంకా లెక్కలేనన్ని ప్రైవేటు ఆస్పత్రులు ఉన్న ఊరు కాబట్టి నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివినవాళ్లకు పని దొరుకుతుంది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి బైపీసీ కావాలి. నర్సింగ్ స్కూలుకైతే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ల్యాబ్, ఎక్స్‌రే లాంటి డిప్లొమాలకైతే రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు చూసుకోండి. "ఆరు నెలల్లో నర్స్" అని కరపత్రాలు పంచేవాళ్ల కోర్సు చేసినవాళ్లు ఆస్పత్రిలో ఆయాలుగా మిగిలిపోతున్నారు, ఆ జీతంతో.

డిగ్రీ అంటే విలువ లేదని అనుకోవద్దు. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి ఫార్మా సిటీలో క్యూసీ (మందుల నాణ్యత చూసే) ల్యాబుల్లో ఉన్నవాళ్లు నాకే పదిమంది తెలుసు. బీకాం చేస్తూ సాయంత్రాలు ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని డాబాగార్డెన్స్‌లో అకౌంటెంట్ దగ్గర కూర్చున్న పిల్ల డిగ్రీ అయ్యేసరికి సొంతంగా రిటర్నులు వేసేస్తోంది. డిగ్రీ సీట్లు ఓఏఎండీసీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ఇస్తారు. మద్దిలపాలెంలో కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, 1860లో మొదలైన ఏవీఎన్ కాలేజీ లాంటివి ముందు చూడండి. బ్యాంకు, కానిస్టేబుల్, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లు ద్వారకానగర్‌లో కోచింగుకి వేలు పోసే ముందు అదే ద్వారకానగర్‌లో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో ఒక నెల కూర్చుని చూడండి.

తప్పినవాళ్లకు

పది తప్పితే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది, ఫీజు గడువు చాలా తక్కువ రోజులు ఉంటుంది కాబట్టి ఫలితం వచ్చిన వారంలోనే బడికి వెళ్లి కట్టేయండి. బడికి వెళ్లడానికి సిగ్గుపడి గడువు దాటించుకున్న పిల్లలున్నారు. అమ్మానాన్నలూ, ఆ వారం పిల్లల్ని ఏమీ అనకండి, వెంట వెళ్లండి. బడి మానేసి చాలా ఏళ్లయినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది, పది, ఇంటర్ రెండూ రాయొచ్చు, ఆ సర్టిఫికెట్‌తో పై చదువులకు వెళ్లొచ్చు. పల్లెటూరి పిల్లలకు డీడీయూ జీకేవై అనే కేంద్ర పథకం కింద భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఇస్తారు. దానికి డబ్బు అడిగారంటే అది ఆ పథకం కాదు.

కాగితాలు, ఫోన్ నంబరు

మే నెలలో వార్డు సచివాలయం దగ్గర క్యూ ఎలా ఉంటుందో తెలుసు కదా. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఏప్రిల్‌లోనే పెట్టుకోండి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్‌లో అడుగుతారు, మధ్యలో బళ్లు మారి ఉంటే ఒక్కో బడికీ తిరగాలి, వేసవి సెలవుల్లో హెడ్ మాస్టరు దొరకరు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా చూసుకోండి, ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉండి ఆగిపోయిన దరఖాస్తులు నేనే చాలా చూశాను. ఒరిజినల్స్ ఏ కాలేజీకీ ఉంచేయమని ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. యూజీసీ, ఏఐసీటీఈ రెండూ ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదని కాలేజీలకు స్పష్టంగా చెప్పాయి. టీసీ ఒక్కటి ఇవ్వాల్సి వస్తే, ఇచ్చే ముందు నాలుగు జిరాక్సులు తీయించుకోండి.

ఆఖరుగా ఒక చిన్న విషయం, దీనివల్ల సీట్లు పోవడం నా కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను. నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు రద్దీలో ఆ అబ్బాయి తన నంబరో, తన దగ్గరున్న ఏదో మెయిలో కొట్టేస్తాడు. తర్వాత వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ఓటీపీ అతని ఫోన్‌కి వెళ్తుంది, అతను ఫోన్ ఎత్తడు. పక్కనే నిలబడి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండే ఫోన్ నంబరు, వీలైతే అమ్మది, కొట్టించండి. పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. సీటు వచ్చి, కాలేజీలో రిపోర్టు చేసేదాకా ఆ సిమ్‌కి రీచార్జి ఆపొద్దు.